యతీముల పోషణ: వ్యయం, ఫలితం

యతీమ్‌ఖానాల వార్షిక నివేదికలలో సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి: వసూలైన విరాళమెంత, భోజనం పెట్టిన పిల్లలెందరు. ఆ పిల్లలు పెద్దవారై ఏమైనారన్న లెక్క మాత్రం అరుదు. దివ్య ఖుర్ఆన్ ఈ లెక్కనే ముందుంచుతున్నది. సూరె నిసా 6వ ఆయత్‌లో సంరక్షకునికి మూడు విధులు నిర్ణయించబడినవి. యతీములను యుక్తవయస్సు వరకు పరీక్షిస్తూ ఉండాలి. వారిలో వివేకం (రుష్ద్) కనిపించినప్పుడు వారి ఆస్తిని అప్పగించాలి. ఆ అప్పగింతకు సాక్షులను పెట్టుకోవాలి. సంరక్షణ ఎట్టి స్థితిలో ముగియవలెనో ఆరంభంలోనే తెలిసి ఉండాలని దీనివల్ల స్పష్టమవుతున్నది. ఆ స్థితి నుండి వెనుకకు లెక్కవేసి ఏటేటి ఖర్చు నిర్ణయించడమే నేడు ఫలితాల ప్రణాళిక అనబడుతున్నది.

గోదావరి చెంత, అడవి అంచున ఉన్న పినపాక విషయం పరిశీలించదగినది. ఇక్కడ కోయ కుటుంబాలు అధికం. మిరప కోతల కాలంలో కూలికి పోయే తల్లిదండ్రుల వెంట వెళ్లి పిల్లలు బడికి దూరమవుతారు. ఇటువంటి చోట దాతకు మొదట తోచేది వసతిగృహ నిర్మాణం. కాని ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం సైతం బిడ్డను సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే పరిగణిస్తున్నది. కనుక తల్లి వద్దనో, అమ్మమ్మ వద్దనో పెరిగే బిడ్డకు అక్కడే సాయమందించడం ఉత్తమం. మిషన్ వాత్సల్య పథకం క్రింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉన్నది. దానికి కావలసిన పత్రాలు సమకూర్చి ఇప్పించడం కూడా గొప్ప సేవయే.

ఏ ధనం దేనికి వాడవచ్చునో తెలియడం అవసరం. హనఫీ ధర్మశాస్త్రవేత్తల ప్రకారం జకాత్ సొమ్ము పేద ముస్లిమునకు సొంతమయ్యేట్లు (తమ్లీక్) ఇవ్వాలి. భవనాలకు, ఉద్యోగుల జీతాలకు అది చెల్లదు. నఫిల్ సదఖా ముస్లిమేతర పేదలకు కూడా ఇవ్వవచ్చును. కోయ బిడ్డను విస్మరించడానికి సాకు లేదు. ఇక 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక సేవకు వెచ్చించాలి, తమ పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలి. పినపాకకు పొరుగున మణుగూరులో సింగరేణి బొగ్గు గనులున్నవి. ఊరి కమిటీ బిడ్డల అవసరాలను లెక్కలతో చూపగలిగితే అటువంటి నిధిని కోరవచ్చును.

మరొక చిక్కు కాలానిది. విరాళాలు ఎక్కువగా రమజానులో వస్తాయి. ఆ మాసం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. బడులు మాత్రం జూన్‌లోనే తెరుస్తారు. ఒక్క రమజాను వసూలును చూసి పది మందిని చేర్చుకొని మరుసటి ఏడు వదలివేయుట కంటె, ముగ్గురిని చేపట్టి చివరిదాకా నిలబడటం మేలు.

అందుచేత బిడ్డకొక పుట ఉండాలి: బడికి ఎన్ని రోజులు పోయింది, చదవడం వచ్చిందా, ఆరోగ్యమెట్లున్నది, ఏ వృత్తి నేర్చుకొంటున్నది. 18 ఏళ్లు నిండినంతనే చేయి వదలరాదు. చట్టం కూడా 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణకు చోటిచ్చింది. ఆ పుటను ఏటా దాతల ఎదుట, బిడ్డ బంధువుల ఎదుట చదివి వినిపించాలి. సాక్షులను పేర్కొన్న ఆ ఆయత్, లెక్క తీసుకొనువాడు అల్లాహ్ అని గుర్తుచేస్తూ ముగియడం గమనార్హం.