చూడి గేదెకు దాణా – చూలాలికి పథ్యము

గేదె చూడి నిలిచినదని తెలిసిన దినము మొదలు రైతింట దానికి జరుగు మర్యాదను మనమందఱమును ఎఱుగుదుము. ఈనుటకు రెండు నెలలు ముందుగా పాలు పితుకుట మాన్పింతురు; తవుడు, చెక్క హెచ్చింతురు; దూరపు మేతకు తోలరు. ఈ పద్ధతిని మేము ఇరువదియేండ్లుగా ఊరూర చెప్పుచున్నాము. విన్నవారు లాభపడిరి.

గడచిన నాట్ల కాలమున మా సంఘ సభ్యులొకరి గేదెను చూడబోయితిమి. గేదె నిగనిగలాడుచుండెను. దానికి కుడితి పెట్టుచున్న కోడలు మాత్రము పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడుచుండెను. ఆమెకు ఆఱవ మాసము. ఉదయము నాట్లకు పోయివచ్చి, ఇంటిల్లిపాదియు భుజించిన పిదప మిగిలిన యన్నము చారుతో తినునట. ఆసామికి దాణా లెక్క కంఠోపాఠము. కోడలేమి తినుచున్నదని యడిగిన "అది ఆడవాళ్ల సంగతి" అనెను. అత్తగారు, "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది బాబూ, మేమంతా అట్లాగే కన్నాము" అనిరి.

ఆమె కఠినురాలు కాదు. ఆ మాటలో పూర్వకాలపు భయము కలదు. ఆసుపత్రి అందని దినములలో బిడ్డ అడ్డము తిరిగినను, పెద్దదైనను తల్లి ప్రాణము పోవుచుండెను. కావున కడుపు మాడ్చుటయే ఉపాయమని పెద్దలు తలచిరి. నేడా యాపదకు శస్త్రచికిత్స కలదు. పథ్యము మాత్రము వంటయింట నిలిచిపోయినది. బొప్పాయి వేడి, నువ్వులు వేడి యని గర్భిణికి నిషేధములు. బాలింతకైతే పలుచోట్ల దాహమునకు నీరు సైతము కొలతయే. పాలిచ్చు గేదెకు తొట్టినిండ నీరుంచు రైతు పాలిచ్చు తల్లికి నీరు కొలిచి పోయుట మాకు నేటికిని బోధపడదు. పశువులతో స్త్రీలను పోల్చితిమని చదువరులు కినియరాదు. తెలిసినదానితో తెలియనిదానిని చెప్పుట మా వృత్తి. తగిన బరువు రాని పెయ్యను దాటింపరాదన్న మా మాటను అందఱును విందురు. కాని 2019–21 సర్వేలో, ఆంధ్రప్రదేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయసు స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకయే వివాహమైనట్లు తేలినది.

గర్భిణి శరీరములో రక్తము దాదాపు ఒకటిన్నర రెట్లగును. దానికి తగిన ఇనుము ఆహారమున లేనిచో రక్తము బలహీనపడును. నూఱు మిల్లీలీటర్లలో హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గిన రక్తహీనత. 7 కు తగ్గిన ప్రాణాపాయము. కాన్పులో రక్తస్రావము ఎవరికైనను రావచ్చును. బలముగల తల్లి తట్టుకొను స్రావమే రక్తహీనురాలిని చంపును. ఆ సర్వేలోనే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటను గర్భిణులలో సగముకంటె హెచ్చుమంది రక్తహీనులని తేలినది. ప్రసూతి మరణములు తగ్గినమాట నిజము: 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననములకు దేశమున 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. రక్తహీనత మాత్రము తగ్గలేదు; అది ఆసుపత్రిలో గాక ఇంటి కంచములో పుట్టునది.

ఈ సంగతిని మన దేశముననే కనుగొనిరి. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలు మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. వారి ఆహారమే లోపభూయిష్ఠమని గ్రహించి, ఈస్టు సారము నిచ్చి నయము చేసెను. అందలి గుణకారి పదార్థమును తరువాతివారు ఆకుకూర నుండి తీసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని 1945లో అమెరికాలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ పదార్థమే ఇనుముతో గూడి నేడు గర్భిణులకు ఉచితముగ నిచ్చు ఎఱ్ఱమాత్రలో నున్నది.

ఆ యింట ఆశా కార్యకర్త యిచ్చిన మాత్రలు గూటిలో విప్పకయే యుండెను. మలము నల్లబడినదని భయపడి మానినదట. నల్లబడుట ఇనుము వలననే, హాని లేదు. వికారమైనచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. టీతో మాత్రము కూడదు, నిమ్మరసముతో మేలు.

అత్తగారితో మేము వాదింపలేదు. బావి నీరు పాఱుచోట రెండు మళ్లు కట్టించి తోటకూర చల్లించితిమి. మునగచెట్టు ముందే కలదు. దాని ఆకు గేదెకు వేయుచుండిరి! పప్పులో పిడికెడు ఆకు, పైన నిమ్మకాయ, కోడలికి అందఱితో పాటు కంచము, మధ్యాహ్నము రెండు గంటల విశ్రాంతి – ఇంతమాత్రమే కోరితిమి. ఆసామిని పిలిచి యతని యెదుటనే చెప్పితిమి.

నెల దాటి పోగా మొదటి కోత ముగిసి రెండవ చిగురు వేయుచుండెను. గేదె ఈనినది, పెయ్యదూడ. రక్తపరీక్ష చీటీని అత్తగారే తెచ్చి చూపిరి. ఎనిమిదిన్నర యుండినది తొమ్మిదింబావు అయినది. "పదకొండు కావాలటగా బాబూ, తొమ్మిదో నెలలో పుట్టింటికి పంపేలోగా అవుతుందా?" అని యడిగిరి.