గుసగుసను పాటగా మార్చేస్తుంది!

సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. నూలు మరీ బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే చిక్కుపడుతుంది. ఆ రెంటికీ మధ్యనే ఉంటుంది పనితనం. ట్రాన్సిస్టర్‌తో యాంప్లిఫయర్ తయారుచేయడమూ అచ్చం అలాంటిదే!

జగిత్యాల, కోరుట్ల వైపు ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామానులో టేప్‌రికార్డర్ ఉండేది. ఇంటిల్లిపాదీ దానిచుట్టూ చేరి పాటలు వినేవారు. నిజానికి క్యాసెట్ మీది హెడ్ నుంచి వచ్చే సంకేతం వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండకపోవచ్చు. దాన్ని స్పీకర్‌ను కదిలించేంతగా పెంచేదే యాంప్లిఫయర్. అందులో కీలకమైన ట్రాన్సిస్టర్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబరులో పుట్టింది. అందుకుగాను షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్‌లకు 1956లో నోబెల్ దక్కింది.

లెక్క కుదిరితేనే...

కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైన జగిత్యాల జేఎన్‌టీయూ కళాశాలలోనే కాదు, ఎక్కడ ఎలక్ట్రానిక్స్ చదివినా ఈ సర్క్యూట్ కట్టాల్సిందే. 12 వోల్టుల సరఫరా తీసుకుని, బేస్ దగ్గర 47 కిలోఓమ్‌లు, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెడితే అక్కడ రెండు వోల్టులు నిలుస్తాయి. ఎమిటర్‌లో 1, కలెక్టర్‌లో 3.3 కిలోఓమ్‌లు పెడితే కలెక్టర్ వోల్టేజి ఏడు దగ్గర ఉంటుంది. అంటే సంకేతం పైకీ కిందికీ ఊగడానికి చోటున్నట్లే. చోటు చాలకపోతే అల తల తెగిపోయి శబ్దం బొంగురుపోతుంది. ఎమిటర్ రెసిస్టర్‌కు ఇంకో పనీ ఉంది. ట్రాన్సిస్టర్ వేడెక్కి కరెంటు పెరగబోతే పగ్గం వేసేది అదే.

తప్పే గురువు

అసలు కష్టం పరీక్షించేటప్పుడే. అన్నీ కలిపినా ఆసిలోస్కోప్ తెరమీద గీత కదలదు. గంట గడిచిపోతుంటుంది, మార్కులు గుర్తొస్తాయి. అప్పుడు కావాల్సింది కంగారు కాదు, మల్టీమీటర్. కలెక్టర్ దగ్గర 12 వోల్టులూ ఉంటే ట్రాన్సిస్టర్ నిద్రపోతున్నట్లు. ఎమిటర్‌తో సమానంగా ఉంటే తలుపులు బార్లా తెరిచేసినట్లు. వంద దాటాల్సిన గెయిన్ మూడు దగ్గరే ఆగితే ఎమిటర్ కెపాసిటర్ ఊడిందన్నమాట! ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ మారుస్తూ చూస్తారు. అవుట్‌పుట్ గరిష్ఠంలో 0.707 వంతుకు పడిపోయే రెండు చోట్లే దాని హద్దులు.

ఇప్పుడు కంప్యూటర్‌లోనూ సర్క్యూట్ నడిపి చూడొచ్చు. కానీ అక్కడ తీగ ఊడదు, ట్రాన్సిస్టర్ వేడికి చెయ్యి చురుక్కుమనదు. బీడీలు చుట్టో, సాంచా నడిపో చదివిస్తున్న అమ్మానాన్నల పిల్లలకు ఆ గంట ఇచ్చేది మార్కులొక్కటే కాదు... పనిచేయనిదాన్ని తన చేతులతో బాగుచేయగలనన్న ధైర్యం!