ముల్లు చెప్పేది సగమే

పళవేర్కాడులో డచ్చివాళ్ళు 1613లో కట్టిన గెల్డ్రియా కోటలో ఇప్పుడు చూడ్డానికి కందకమూ పొదలూ తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒకప్పుడు అక్కడ తుపాకిమందు తయారయ్యేది. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ దాన్ని బటావియా దాకా ఓడల్లో పంపేది. దానికీ మన కారు సీటు కింద పడుండే ఎర్ర సిలిండరుకీ ఏం సంబంధం అంటారా? దూరపు చుట్టరికమే అయినా ఉంది. మంటలార్పే యంత్రాల్లో తొలితరం పనిచేసింది తుపాకిమందుతోనే.

1723లో లండన్‌లో అంబ్రోజ్ గాడ్‌ఫ్రీ అనే రసాయనికుడు అలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. గాలి పీడనం లెక్కలు తేల్చిన రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేసినవాడే ఇతను. పీపా నిండా మంటనార్పే ద్రవం, నడుమ చిన్న గదిలో మందు, దానికో వత్తి. వత్తి ముట్టిస్తే మందు పేలి ద్రవం నలుదిక్కులా చిమ్ముతుంది. నిప్పార్పడానికి నిప్పంటించడమేమిటని నవ్వొస్తుంది గానీ అతనికి అసలు కిటుకు తెలుసు. మంటనార్పే సరుకు ఉంటే చాలదు, దాన్ని ఒక్క ఊపున బయటికి తోసే బలం కూడా ఆ డబ్బాలోనే ఉండాలి.

ఆ బలాన్ని ముందే నింపి దాచుకోవచ్చని చూపినవాడు జార్జ్ విలియం మాన్బీ. 1813లో ఎడింబరోలో ఇళ్ళు తగలబడుతుంటే పై అంతస్తులకు నీళ్ళు అందకపోవడం చూశాడట. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక రాగి పాత్ర చేయించాడు. అందులో పదమూడు లీటర్ల పైచిలుకు పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాని మీద అదిమి నింపిన గాలి. కొళాయి తిప్పితే ద్రావణం చిమ్ముకొస్తుంది. తుపాకిమందులోని సురేకారమూ పొటాషియం లవణమే. ఆ లవణం మంటకు ఆక్సిజన్ అందిస్తుంది, ఈ లవణం మంటను చంపుతుంది. రసాయనశాస్త్రంలో నాకు ఇష్టమైన వింతల్లో ఇదొకటి.

గాలిని దాచుకోవడంతోనే ఒక దిగులు కూడా మొదలైంది. నిరుడు నింపిన గాలి ఈ ఏడు ఉందో లేదో తెలిసేదెలా? తర్వాత వచ్చినవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు వెతక్కుండా దాన్నే తప్పించుకున్నారు. 1866లో ఫ్రాన్స్‌లో కార్లియే సోడా, ఆమ్లం విడివిడిగా పెట్టి అవసరమైనప్పుడు కలిసేలా చేశాడు. అప్పటికప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడే నీటిని తోసేది. కార్ల కోసమే అన్నట్టు 1911 నుంచి అమెరికాలో అమ్మిన పైరీన్ డబ్బాలో చేతిపంపు ఉండేది. కొట్టినంతసేపూ కార్బన్ టెట్రాక్లోరైడ్ చిమ్మేది. మంట ఆరేది, నిజమే. కానీ ఆ ద్రవం ఆవిరే విషం, మంట వేడికి అందులోంచి ఫాస్‌జీన్ కూడా పుట్టేది. మూసిన కారులో ఆ పొగ పీల్చడం కంటే తలుపు తీసుకుని పారిపోవడమే మేలు. ఆ డబ్బాలకు అంత కాలం ఎలా గిరాకీ ఉందో నాకు అంతుపట్టదు.

దిగులుకు జవాబు ఎప్పుడో తయారై ఉంది, ఆవిరియంత్రాల లోకంలో. 1849లో యూజీన్ బుర్డోన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు తీసుకున్న గొట్టమే అది. ఈనాటి సిలిండరు మెడ దగ్గర కనిపించే గేజిలో ఉన్నదీ దాని సంతతే. గాజు వెనక చుట్టలు చుట్టిన, అణగ్గొట్టిన సన్నని లోహపు గొట్టం ఉంటుంది. తిరునాళ్ళలో పిల్లలు ఊదే కాగితపు చుట్టబూర గాలి పోసుకుని ఎలా విచ్చుకుంటుందో, లోపల ఒత్తిడి పెరిగితే ఈ గొట్టమూ అలాగే విచ్చుకోజూస్తుంది. లోహం కాబట్టి వెంట్రుకవాసే కదులుతుంది. దాని కొసకు తగిలించిన ముల్లు ఆ కాస్త కదలికనే పచ్చరంగులోకో ఎర్రరంగులోకో చూపిస్తుంది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

ఇప్పటి కార్లలో ఎక్కువగా కనిపించేది కిలో పౌడరు సిలిండరు. లోపల మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పొడి, దాన్ని తోయడానికి తడిలేని నైట్రోజన్. మన దేశంలో మామూలుగా 15 బార్ దాకా నింపుతారు. కారు టైరులో గాలికి ఇది ఏడు రెట్లు. పిన్ను లాగి మీట నొక్కితే మొత్తం ఎనిమిది పది సెకన్లలో ఖాళీ. బానెట్ కింద అప్పుడే రేగిన మంటకు ఆ కాస్తా సరిపోవచ్చు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర 45 మందిని బలిగొన్న బస్సు మంటలాంటిదాని ముందు దాని శక్తి చాలదు.

ఇక ముల్లు సంగతి. మూసిన బండిలో నైట్రోజన్ కూడా ఎండను లెక్కచేస్తుంది. 27 డిగ్రీల దగ్గర 15 చూపిన ముల్లు, సిలిండరు 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 17కు పోతుంది. తిరుత్తణి వేసవి తెలిసినవాళ్ళకు మూసిన కారులో అంత వేడి అబ్బురం కాదు. మధ్యాహ్నం కాస్త పైకి, తెల్లవారి కాస్త కిందికి జరిగితే కంగారు పడనక్కర్లేదు. నెలకోసారి పొద్దున, బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఆ వేళప్పుడు ముల్లు ఎరుపులో ఉంటే గ్యాసు కారిపోతున్నట్టే.

పచ్చలో ఉందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. ముల్లుకు తెలిసింది గ్యాసు సంగతే, పౌడరు గురించి దానికేమీ తెలియదు. రోజూ కుదుపులు తినే కారులో పొడి అడుగుకు దిగి గట్టిపడుతుంది. సిలిండరును తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకుంటే పొడి జారే చప్పుడు వినిపించాలి. బరువు లేబుల్ మీద ఉన్నదానికి సరిపోవాలి, వంటింటి తూకమైనా చాలు. నాజిల్లో కందిరీగ మట్టిగూడు కట్టలేదు కదా అని చూడాలి. గేజి కూడా లోహమే కాబట్టి తుప్పుపట్టి ముల్లు ఉన్నచోటే అతుక్కుపోవచ్చు. పళవేర్కాడు సరస్సు ఒడ్డున ఉప్పుగాలికి రంగు లేచిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. సిలిండరు అడుగున, బిగించిన పట్టీ కింద అది దాక్కుంటుంది. పట్టీ విప్పి పొడిగుడ్డతో తుడవడం ఐదు నిమిషాల పని. తుప్పు గుంతలు పడిందంటే మాత్రం అది 15 బార్‌ను మోస్తున్న డబ్బా అని గుర్తుంచుకుని పక్కన పెట్టేయాలి.

ముల్లు దిగితే పంక్చరు షాపులో గాలి కొట్టిస్తే పోలా అనేవాళ్ళున్నారు. పోదు. కంప్రెసరు గాలిలో తేమ ఉంటుంది, పౌడరు ఆ తేమను పట్టి ఉండలు కడుతుంది. రీఫిల్ చేసేవాళ్ళలోనూ కొందరు చవకని సోడా పొడి కలిపేస్తుంటారు. ఫాస్ఫేట్ ఆమ్ల గుణం, సోడా క్షార గుణం. తేమ తగిలితే రెండూ చర్యపడి గ్యాసు పుడుతుంది, పొడి రాయిలా అవుతుంది. ఏ పౌడరు వేస్తున్నారో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

ముల్లే లేని సిలిండర్లూ ఉన్నాయి, కార్బన్ డయాక్సైడువి. అందులో ద్రవం, ఆవిరి కలిసి ఉంటాయి కాబట్టి చివరి చుక్క ద్రవం ఉన్నంతవరకూ ఒత్తిడి తగ్గదు, గేజి పెట్టినా ఉపయోగం లేదు. వాటికి తూకమే దిక్కు. పౌడరుదానికి మాత్రం ఇంకో గుణముంది. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్క పిచికారీ కొట్టినా వాల్వు అంచున పొడి ఇరుక్కుని, మిగిలిన గ్యాసు కొద్దికొద్దిగా కారిపోతుంది. అరసెకను నొక్కినా సరే, దాన్ని రీఫిల్‌కు ఇవ్వాల్సిందే.