పరాయి ఓడ – మన సముద్రం

విదేశాలలో చదువు అనగానే పెద్ద పెద్ద ప్రయోగశాలలు, గ్రంథాలయాలు మనకు స్ఫురిస్తాయి. కాని కొన్ని శాస్త్రాలు నాలుగు గోడల మధ్య పట్టుబడేవి కావు. నేల, నీరు, గాలి, అడవి, సముద్రం – వీటిని గురించి తెలుసుకోదలచిన విద్యార్థి అవి ఉన్న చోటికే పోవాలి. అక్కడ నిలిచి చూడాలి, కొలవాలి, రాసుకోవాలి. దీనినే క్షేత్రాధ్యయనం అంటారు. ఇట్టి అధ్యయనం కోసం పరదేశం పోయిన విద్యార్థి, లేదా పరదేశపు ఓడ ఎక్కిన విద్యార్థి, తిరిగివచ్చేటప్పుడు వెంట తెచ్చుకొనేదేమిటి? అక్కడ కొలిచిన అంకెలా? కొలిచే పద్ధతా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరం పోనక్కరలేదు. విశాఖపట్నం, అనకాపల్లి తీరాల చరిత్రలోనే అది ఉన్నది.

అనకాపల్లి పేరు చెప్పగానే అందరికీ బెల్లం గుర్తుకు వస్తుంది. చెరకు పరిశోధనకు అక్కడ 1913లోనే కేంద్రం వెలసింది. అయితే 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు చెరకు తోటలే కాదు, సముద్రతీరం కూడా ఉన్నది. పూడిమడక వంటి పల్లెలలో వేలాది కుటుంబాలకు సముద్రమే పొలం. ఈ పొలం ఎప్పుడు పండుతుంది, ఎప్పుడు ఎండుతుంది అన్నది మత్స్యకారులకు తరతరాల అనుభవం వల్ల కొంత తెలుసు. దానికి కారణాలు కొలతలతో తేల్చే పని మాత్రం ఈ తీరంలో 1950 తరువాతనే ఊపందుకొన్నది.

1952లో అమెరికా నుంచి యూజీన్ లా ఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1953 వరకు ఉండి వెళ్లి, మళ్లీ 1955–56లో వచ్చారు. భారతదేశంలో సముద్రశాస్త్ర బోధన తొలిగా వేళ్లూనిన చోట్లలో వాల్తేరు ఒకటి అయిందంటే అందుకు ఆయన రాక ఒక ముఖ్య కారణం. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ వంటి వారు ఇక్కడ అప్పటికే ఉత్సాహంతో ఉన్నారు. మన నౌకాదళపు ఓడలపై విద్యార్థులు సముద్రంలోకి పోయి నీటి వేడిమిని, ఉప్పదనాన్ని, అడుగున ఉన్న మట్టిని పరిశీలించారు. ఆ ఫలితాలను విశ్వవిద్యాలయం 1954లోను, 1958లోను సంపుటాలుగా వెలువరించింది.

ఓడపై విద్యార్థి మొదట నేర్చుకొనేది వికారాన్ని ఓర్చుకొనడం. రెండవది నిద్ర వేళలు మార్చుకొనడం. ఓడ ఒక స్థానం చేరేసరికి అర్ధరాత్రి అయితే అర్ధరాత్రే కొలవాలి. సముద్రం పగటి కోసం ఆగదు. మూడవది, అన్నిటికంటె కష్టమైనది, కంటికి కనిపించని చోటును కొలవడం.

రెండువందల మీటర్ల లోతున నీరు ఎంత వేడిగా ఉన్నదో తెలుసుకోవాలనుకోండి. మామూలు ఉష్ణమాపకాన్ని దింపి పైకి లాగితే, దారిలో పైనీటి వేడికి దానిలోని పాదరసం మారిపోతుంది. ఈ చిక్కును తప్పించడానికి తలకిందులయ్యే ఉష్ణమాపకాన్ని వాడేవారు. ఒక లోహపు సీసాకు దానిని తగిలించి, ఉక్కుతాడుపై దింపుతారు. తరువాత తాడు వెంబడి ఒక చిన్న బరువును జారవిడుస్తారు. అది పోయి సీసాను తట్టగానే సీసా తలకిందులవుతుంది, మూతలు పడి ఆ లోతు నీరు అందులో చిక్కుతుంది. ఉష్ణమాపకంలోని పాదరసపు దారం అదే క్షణంలో తెగి, అప్పటి వేడిమిని పదిలపరుస్తుంది. ఇక పైకి ఎంతసేపు లాగినా భయం లేదు.

మరి సీసా నిజంగా రెండువందల మీటర్లు దిగిందా? ప్రవాహానికి తాడు వాలుతుంది గదా! తాడు నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే, 200 మీటర్ల తాడు వదిలినా సీసా దిగే లోతు 173 మీటర్లే. ఉన్నత పాఠశాలలో నేర్చే త్రికోణమితికి ఇంతకంటె మంచి లెక్క దొరకదు. పైగా, తాడు నీటిలో తిన్నగా ఉండక వంగుతుంది కూడా. అందుచేత మరొక ఉపాయం చేశారు. ఒకే సీసాకు రెండు ఉష్ణమాపకాలు కడతారు. ఒకటి దళసరి గాజు తొడుగులో ఉండి నీటి పీడనం తగలకుండా ఉంటుంది. రెండవదానికి అట్టి రక్షణ లేదు. పీడనం దాని గాజును నొక్కుతుంది. అందువల్ల ప్రతి 100 మీటర్ల లోతుకు సుమారు 1 డిగ్రీ చొప్పున అది ఎక్కువ చూపుతుంది. రెండింటి తేడాను బట్టి అసలు లోతు తేలుతుంది. తప్పు చూపే పరికరమే ఇక్కడ లోతును కొలిచే సాధనం అయింది!

ఉప్పదనం విషయంలో ఇంకొక పాఠం ఉన్నది. ఆ కాలంలో సముద్రజలాన్ని వెండి నైట్రేటు ద్రావణంతో పరీక్షించి, అందులోని క్లోరైడును బట్టి ఉప్పు మొత్తాన్ని లెక్కకట్టేవారు. ప్రపంచంలో ఎక్కడ ఈ పరీక్ష చేసినా, డెన్మార్కులోని కోపెన్‌హాగెన్ నుంచి గాజు గొట్టాలలో మూసి పంపిన ప్రామాణిక జలంతో తమ ద్రావణాన్ని సరిచూసుకొనేవారు. బంగాళాఖాతపు నీటిని యూరపు నుంచి వచ్చిన నీటితో పోల్చడం ఎందుకని అనిపించవచ్చు. కాని తూనికరాయి అందరికీ ఒక్కటి అయినప్పుడే ఒకరి తూకం మరొకరికి పనికివస్తుంది. పరదేశపు చదువు ఇచ్చే మొదటి లాభం ఇదే: మన కొలత లోకానికి అర్థమయ్యే కొలత అవుతుంది.

ఇన్ని అవస్థలు పడి కొలిచినదాని వల్ల ఏమి తెలిసింది? ఫిబ్రవరి మొదలు మే వరకు మన తీరం వెంబడి నైరుతి నుంచి ఈశాన్యానికి గాలులు వీస్తాయి. తీరపు వాలు కూడా ఇంచుమించు అదే దిక్కు. మరి గాలి తీరం వెంట పోతుంటే నీరు కూడా తీరం వెంటనే పోవాలి గదా? పూర్తిగా కాదు. నార్వే దేశపు నాన్సెన్ 1893–96 నడుమ ఉత్తర ధ్రువ సముద్రంలో యాత్ర చేసినప్పుడు, తేలే మంచు గాలి దిక్కున కాక దానికి 20 మొదలు 40 డిగ్రీలు కుడివైపుగా పోవడం గమనించారు. కారణం కనుగొనే పని స్వీడన్‌లో విద్యార్థిగా ఉన్న ఎక్మన్ అనే యువకునికి అప్పగించారు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడికి మళ్లుతుందనీ, గాలి ప్రభావం సోకినంత లోతులోని నీటి మొత్తాన్ని లెక్కిస్తే అది గాలికి లంబంగా కుడివైపు పోతుందనీ ఎక్మన్ 1905లో నిరూపించారు. ఒక దేశపు యాత్రికుడు మంచులో చూసినదాన్ని మరొక దేశపు విద్యార్థి గణితంతో విప్పాడన్నమాట.

దీనిని మన తీరానికి అన్వయించి చూడండి. పూడిమడక ఒడ్డున ఈశాన్యానికి ముఖం పెట్టి నిలిస్తే ఎడమచేతివైపు నేల, కుడిచేతివైపు సముద్రం ఉంటుంది. వేసవి గాలికి పైనీరు కుడికి, అనగా తీరం నుంచి దూరంగా, తొలగిపోతుంది. ఆ వెలితిని పూరించడానికి లోతులోని చల్లని నీరు పైకి వస్తుంది. ఈ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎక్కువ. పొలానికి ఎరువు వేసినట్లు ఇవి పై పొరలకు చేరితే, సూర్యకాంతిలో సూక్ష్మమైన వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తిని చిన్న జీవులు, ఆ జీవులను తిని చేపలు పెరుగుతాయి. విశాఖ తీరంలో ఇట్లు నీరు పైకి రావడాన్ని, వేరొక ఋతువులో కిందికి దిగడాన్ని 1950 దశకపు వాల్తేరు పరిశీలనలు చూపాయి.

తరువాత పెద్ద అవకాశం వచ్చింది. 1960 దశకపు తొలి సంవత్సరాలలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. పన్నెండుకు పైగా దేశాలు, నలభైకి పైగా ఓడలు ఇందులో పాలుపంచుకొన్నాయి. భారత నౌక కిస్ట్నా కూడా వాటిలో ఒకటి. అమెరికా పంపిన ‘ఆంటన్ బ్రూన్’ అనే ఓడ ఒకప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ విహారనౌక. దానిని పరిశోధనకు తగినట్లు మార్చి, 1961లో మరణించిన డెన్మార్కు సముద్రశాస్త్రజ్ఞుని పేరు పెట్టారు. ఆ ఓడపై భారతీయ శాస్త్రజ్ఞులకు, విద్యార్థులకు కూడా చోటు ఇచ్చారు. 1963 మార్చి నుంచి మే వరకు అది బంగాళాఖాతంలో తిరిగింది. లా ఫాండ్ కూడా అందులో ఉన్నారు. మన తూర్పు తీరానికి ఆవల ఖండపు అంచును కోసుకొనిపోయిన లోయలు నీటి అడుగున ఉన్నట్లు అప్పుడు గుర్తించారు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు పెట్టి 1964లో ప్రకటించారు. ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుని పేరు సముద్రగర్భంలో ఇట్లు నిలిచిపోయింది. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ 1966లో పుట్టినది కూడా ఈ యాత్ర ఫలితంగానే.

అయితే ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఆంటన్ బ్రూన్ వచ్చినది మార్చి–మే నెలలలో. అది చూసినది వేసవి సముద్రం. అదే ఓడ నవంబరులో వచ్చి ఉంటే? అప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. నీరు తీరంవైపు నెట్టుకొనివచ్చి, ఒడ్డున పేరుకొని, కిందికి దిగుతుంది. తీరప్రవాహం ఉత్తరానికి కాక దక్షిణానికి పోతుంది. గంగ, మహానది వంటి నదుల వరదనీరు ఆ ప్రవాహంతో దిగివచ్చి ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. సముద్రమట్టం కూడా వేసవి మొదట కంటె సుమారు 40 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఒక్క నవంబరు మాత్రమే చూసినవాడు ఈ సముద్రం దక్షిణానికి పారుతుందంటాడు. ఒక్క ఏప్రిల్ మాత్రమే చూసినవాడు ఉత్తరానికి పారుతుందంటాడు. ఇద్దరి కొలతలూ నిజమే, ఇద్దరి నిర్ణయాలూ తప్పే.

కనుక ఎంత గొప్ప యాత్ర అయినా ఒక చోటును ఒక్క వేళలో చూసి దాటిపోతుంది. పరదేశపు శాస్త్రజ్ఞుడు తిరిగి వెళ్లిపోతాడు. ఓడ మరొక రేవుకు పోతుంది. మిగిలిన నెలలను నింపవలసినవాడు ఆ చోట నివసించే విద్యార్థి. పరాయి ఓడ ఎక్కి నేర్చుకొన్న పద్ధతిని తన ఊరిలో ఏడాది పొడవునా పాటిస్తేనే ఆ చదువు పూర్తి అయినట్లు.

ఈనాడు ఈ పనిలో చాలా భాగం యంత్రాలు చేస్తున్నాయి. ఆర్గో అనే తేలియాడే పరికరాలు దాదాపు పదిరోజుల కొకసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ, దారిలో వేడిమిని, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహం ద్వారా తెలుపుతున్నాయి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం సముద్రపు వేడిమిని, పచ్చదనాన్ని ఉపగ్రహాలు చూపిన దానిని బట్టి చేపలు దొరకగల చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. అయినా ఈ యంత్రాలలో ఏదీ ఒక పల్లె ముందరి ఇసుక వారం వారం ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో చెప్పదు. వాల్తేరు వద్ద ఇసుకతీరం కోసుకుపోయి మళ్లీ పూడే చక్రాన్ని లా ఫాండ్, ఆయన సహచరులు 1954లోనే వివరించారు. కోత ఏదో, ఋతువుతో వచ్చిపోయే మార్పు ఏదో తెలియాలంటే కొలతల వరుస ఉండాలి. పడవలు నిలిపే చోటు, వలలు ఎండబెట్టే చోటు, చివరకు ఇళ్లు కూడా ఆ ఇసుకపైనే ఆధారపడి ఉన్నాయి.

ఈ కొలతకు ఓడ అక్కరలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎమరీ 1961లో ప్రకటించిన పద్ధతికి రెండు కర్రలు చాలు. ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు పొడవు ఉండాలి. పై కొన నుంచి కిందికి సెంటీమీటర్ల గుర్తులు పెట్టాలి. ఒడ్డున కదలని గుర్తు ఒకటి, గుడి మెట్టో, రాతి స్తంభమో, ఎన్నుకొని అక్కడ నుంచి మొదలుపెట్టాలి. రెండు మీటర్ల దూరంలో కర్రలను నిలువుగా నిలపాలి. నేలవైపు కర్ర పక్కన కన్ను ఉంచి, సముద్రంవైపు కర్ర పై కొన, దూరాన నింగి నీరు కలిసే గీత ఒకే వరుసలోకి వచ్చేటట్లు చూడాలి. ఆ వరుస నేలవైపు కర్రను తాకిన గుర్తే ఇసుక ఎంత దిగిందో చెబుతుంది. సముద్రంవైపు ఇసుకే ఎత్తుగా ఉంటే, నేలవైపు కర్ర కొన మీదుగా చూసి రెండవ కర్రపై గుర్తు చదవాలి. ఇట్లు రెండేసి మీటర్లు జరుగుతూ పోతే, గళ్ల కాగితంపై తీరపు వాలు గీత రూపంలో వస్తుంది.

ఉపాధ్యాయుల వెంట, పోటు తగ్గిన వేళ, అల తగలని మేరకే ఈ పని చేయాలి. ఇద్దరు విద్యార్థులు వేరు వేరుగా చదివి, తరువాత పోల్చుకోవాలి. అంకెలు కుదరకపోతే మళ్లీ కొలవాలి గాని, ఒకరిది చూసి మరొకరు దిద్దుకోకూడదు. తేదీ, వేళ, గాలి దిక్కు తప్పక రాయాలి. పదవ తరగతివారు వెళ్లిపోయేటప్పుడు ఆ పుస్తకాన్ని తొమ్మిదవ తరగతివారికి అప్పగించాలి. అనకాపల్లి ప్రాంతపు ఒక పాఠశాల పదేళ్లపాటు ఈ పని విడవకుండా చేస్తే, ఏ యాత్రా ఓడ వద్దా లేని పుస్తకం దాని వద్ద ఉంటుంది.