నిత్య బైబిలు పఠనం: అలవాటు, విశ్వాసం

నిత్య బైబిలు పఠనం విశ్వాసాన్ని పోషిస్తుందా, యాంత్రికమైన ఆచారంగా మిగిలిపోతుందా అన్న ప్రశ్న పాతదే. స్కాట్లండులోని డండీ నగర సంఘకాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 చివర తన సంఘస్థుల కోసం ఒక పఠన పట్టికను రూపొందించారు. రోజుకు నాలుగు భాగాలు: రెండు కుటుంబ ఆరాధనలో, రెండు ఏకాంతంలో. ఈ క్రమంలో ఏడాదికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనల గ్రంథం రెండేసిసార్లు పూర్తవుతాయి.

అయితే పట్టికకు ముందే ఆయన దాని ప్రమాదాలను పేర్కొన్నారు. పఠనం లాంఛనంగా మారవచ్చు. భాగం పూర్తిచేసినవారిలో స్వనీతి భావం కలగవచ్చు. అజాగ్రత్తగా చదవడం అలవాటు కావచ్చు. కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. ప్రయోజనాలను ఆ తరువాతే వివరించారు. గ్రంథమంతా క్రమంగా చదవబడుతుంది. అందరూ ఒకే భాగం చదవడం వల్ల తల్లిదండ్రులకు పిల్లలతో, సంఘస్థులకు పరస్పరం చర్చించుకునే విషయం లభిస్తుంది.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలోని బెరయ వాసులు ఇక్కడ స్మరణీయులు. వారు పౌలు బోధను ఆసక్తితో స్వీకరిస్తూనే, దాని సత్యాన్ని ప్రతిదినం లేఖనాలలో పరిశోధించారు. గ్రంథకర్త ఆ పరిశోధనను ప్రశంసించి, వారిలో అనేకులు విశ్వసించారని వెంటనే తెలిపాడు. ఈ దృష్టితో చూస్తే, పట్టిక పాఠకుణ్ణి ప్రతిరోజూ గ్రంథం ముందు కూర్చోబెట్టగలదు. విశ్వాసానికి దారితీసేది అక్కడ అతడు చేసే పరిశీలన.