వార్తల్లో పదం: వర్చువల్ డిస్క్

డేటా సెంటర్ల వార్తల్లో షాద్‌నగర్ పేరు తరచూ కనిపిస్తోంది. ఈ ప్రాంతంలోనే, ఎలికట్టలో మైక్రోసాఫ్ట్ భూమి కొన్నది. డేటా సెంటర్లో ఒక్క సర్వర్‌పై పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు) నడుస్తాయి. ఒక్కోదానికి హార్డ్ డిస్క్‌లా కనిపించేది చాలాసార్లు పెద్ద స్టోరేజీలో ఒక ఫైలే; అదే వర్చువల్ డిస్క్. 500 జీబీ కేటాయించినా, 80 జీబీ రాస్తే దాదాపు అంతే చోటు పడుతుంది. దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. చిక్కూ ఇక్కడే: అన్నీ ఒకేసారి రాయడం మొదలుపెడితే అసలు స్టోరేజీ నిండి మెషీన్లు ఆగిపోతాయి. వేల డిస్కులను మనిషి కనిపెట్టుకుని ఉండలేడు. అందుకే స్క్రిప్టులే వాడకం కొలుస్తాయి, హద్దు దాటితే సైజు పెంచుతాయి, రాత్రిపూట స్నాప్‌షాట్ తీస్తాయి (అదే స్టోరేజీలో ఉంటే అది బ్యాకప్ కాదు), మెషీన్ తీసేశాక మిగిలిన అనాథ డిస్కులను వెతికి పట్టుకుంటాయి. వాటిని చెరిపేయడం మాత్రం మనిషి చూసి ఒప్పుకున్నాకే జరగాలి. వాటిలో ఒక ఆస్పత్రి రికార్డులు ఉండొచ్చు.