దాజా భాషలో అంకెలు

ఎడారిలో ఒంటెలను తోలుకొనిపోవు కాపరికి పలకాబలపములతో పని లేదు. మంద బావి చేరునప్పటికి అతని లెక్క నోటిలోనే సిద్ధముగా నుండవలెను. లెక్క తప్పినచో ఒక ఒంటె ఎడారి పాలైనట్లే. సహారా దక్షిణపు అంచున, చాద్ దేశపు ఉత్తర భాగములోను నైజరు తూర్పు భాగములోను వసించు దాజా జనులు తరతరములుగా పశుపోషణ మీద జీవించినవారు. వారు లెక్కించు తీరు ఎట్టిదో కొంచెము తెలిసికొందము.

ఒకటి ‘త్రోన్’, రెండు ‘చు’, మూడు ‘అగుజు’, నాలుగు ‘తుజో’, అయిదు ‘ఫు’, ఆరు ‘దిసి’, ఏడు ‘తుదుసు’, ఎనిమిది ‘వుసు’, తొమ్మిది ‘యిసి’, పది ‘ముర్దోమ్’. ప్రాంతమును బట్టి ఉచ్చారణలో కొలది భేదము కలదు. మనకువలెనే వారికిని పదియే లెక్కకు ఆధారము. మన వాక్యములోవలెనే వారి వాక్యములోను క్రియ చివర నిలుచును. కాని మనము ‘మూడు ఒంటెలు’ అను చోట వారు ‘ఒంటెలు మూడు’ అను వరుసను పాటింతురు.

ఈ చిన్న మాటలు లెక్కకే గాక, భాషల చుట్టరికము తెలియుటకును పనికివచ్చును. మన ‘మూడు’ను కన్నడిగులు ‘మూరు’ అనుట విన్నప్పుడు బంధుత్వము తోచును గదా! అట్లే చాద్ సరస్సునకు పడమట బోర్నో ప్రాంతమున కానూరి భాష కలదు. కానూరులు పూర్వము రాజ్యమేలిన జనులు. దాజాలు సంచార జీవులు. బ్రదుకుతెరువులు వేరు. అయినను దాజాలో ‘ఫు’ అను అయిదు కానూరిలో ‘ఉవు’. ‘తుదుసు’ అను ఏడు అక్కడ ‘తులుర్’. ‘వుసు’ అను ఎనిమిది ‘వుస్కు’. పోలిక స్పష్టమే.

అయితే తొమ్మిదిని కానూరులు ‘లెగర్’ అందురు. అది ‘యిసి’ని పోలదు. పైగా ఇరుగుపొరుగువారు మాటలను ఎరువు తెచ్చుకొనుటయు కలదు. అందుచేత పండితులు అంకెలతో తృప్తిపడక సర్వనామములను, క్రియారూపములను గూడ పోల్చి చూచిరి. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ప్రకటించిన ఆఫ్రికా భాషల వర్గీకరణములో ఈ రెండును సహారా కుటుంబమున చేరినవి.

నేడు చాద్ దేశమున ఫ్రెంచి, అరబ్బీ అధికార భాషలు. బడికి పోవు బాలుడు గణితమును పరభాషలో నేర్చుకొనుచున్నాడు. అది అవసరమే. కాని ఇంటివద్ద తండ్రి ప్రక్కన నిలిచి ‘త్రోన్, చు, అగుజు’ అని మందను లెక్కించు అలవాటు తప్పినచో, పెద్దల చుట్టరికమును చెప్పు ఈ సాక్ష్యము కాగితము మీదనే మిగులును.